గాలక్క చదివిన ముప్పై రాత్రులు

గాలక్క ఏ మిషను ముట్టుకున్నా మొదట చేసే పని ఒకటే. గొట్టం కొస తెచ్చి ఎడమచేతి మణికట్టు లోపలివైపు, నాడి కొట్టుకునే చోట పెట్టుకుంటుంది. కళ్ళు మూసుకుంటుంది. చర్మం మీద గాలి తగులుతుంటే కాసేపు ఊరుకుంటుంది. తర్వాత ఒక అంకె చెబుతుంది.

"తొమ్మిది."

అప్పుడు కళ్ళు తెరిచి మిషను తెర చూస్తుంది. తొమ్మిదే ఉంటుంది. ఎప్పుడైనా తొమ్మిదిన్నర ఉంటే మిషనువైపు అనుమానంగా చూస్తుంది తప్ప చేతివైపు చూడదు.

నిద్రలో ఊపిరి ఆగిపోయేవాళ్ళకు గాలినిచ్చే మిషను అది. కొందరికి నిద్రపట్టగానే గొంతులో కండ వదులై దారి మూసుకుపోతుంది. ఊపిరి ఆగుతుంది. ఒళ్ళు ఉలిక్కిపడి ఒక గుటక గాలి లాక్కుని మళ్ళీ నిద్రలోకి జారుతుంది. గంటకు ముప్పై సార్లు, యాభై సార్లు. తెల్లారి లేచినవాడికి అలసట తప్ప ఇంకేదీ గుర్తుండదు. ముక్కుకు మాస్కు పెట్టి కొంచెం ఒత్తిడితో గాలి పంపిస్తే ఆ దారి తెరుచుకునే ఉంటుంది. ఎంత ఒత్తిడి అన్నది మనిషిని బట్టి. ఆ ఎంత అన్నది తేల్చడమే ముప్పై నాలుగేళ్ళుగా గాలక్క పని.

అసలు పేరు ఉద్యోగం కాగితాల్లో ఉంది. ఆ పేరుతో పిలిచేవాళ్ళు చాలామంది ఇప్పుడు లేరు. గాలక్క అని మొదట పిలిచింది ఒక రొట్టెల బట్టీ ఆయన. ఆయన తొలి రోజుల పేషెంటు. "గాలి పెట్టే అక్క ఉందా?" అని గుమ్మంలో నిలబడి అడిగేవాడు. రెండు వారాల్లో మధ్యలో మాట ఎగిరిపోయి గాలక్క మిగిలింది.

అంతకుముందు ఆమె బట్టలు కుట్టేది. మెట్ల కింద మూడడుగుల గది, ఒక కుట్టుమిషను, గోడకు ఒక అద్దం. మేడమీద ముసలి డాక్టరుగారి ఆసుపత్రి. ముసలితనం అప్పటికే ఆయన పేరులో ఉంది, ఒంట్లోకి ఇంకా రాలేదు. ఒకరోజు ఆయన మెట్లు దిగి వచ్చి, నల్లటి పట్టీల గుత్తి ఒకటి ఆమె బల్ల మీద పడేశాడు. పరాయి దేశంలో ఎవరి తలకో కుట్టిన పట్టీలు.

"ఇది నా పేషెంట్లకు వదులు. గాలంతా బుగ్గల పక్కనుంచి పోతోంది. ఏమైనా చేయగలవా అమ్మా?"

ఆమె టేపు తీసి, అడగకుండానే ఆయన తల చుట్టూ తిప్పింది. నుదురు, చెవి మీద, మెడ వెనక.

"పట్టీ తప్పేం లేదు డాక్టరుగారూ. తలలే ఒక్కటి కావు. చొక్కాకి కొలతలు తీసుకుంటారు, మొహానికి తీసుకోరా?"

ఆయన నవ్వలేదు. మర్నాడు పేషెంటునే కిందికి పంపాడు. ఆ నెల తిరక్కుండా ఆమెనే పైకి రమ్మన్నాడు.

పైన గదిలో గోడకు ఒక గాజు గొట్టం ఉండేది. వంకీ తిరిగిన గొట్టం, లోపల ఎర్రసిరా కలిపిన నీళ్ళు. మిషను గాలి ఒకవైపు నుంచి తోస్తే రెండోవైపు నీళ్ళు పైకి లేచేవి. పక్కన చెక్క మీద సెంటీమీటర్ల గీతలు. మిషనుకు ఒక మర ఉండేది. దాన్ని తిప్పుతూ నీళ్ళు ఏ గీత దాకా లేచాయో చూడాలి. పన్నెండు కావాలంటే పన్నెండో గీత.

"పన్నెండు అంటే ఎంతో తెలుసా? ఒక గ్లాసెడు నీళ్ళ లోతు. అంతే. అంత లోతులోంచి నోటితో బుడగ ఊదగలిగితే చాలు. మనిషి నిద్ర అంత చిన్న ఒత్తిడి మీద నిలబడి ఉంటుందమ్మా."

ఆమెకు ఆ మాట నచ్చింది. మణికట్టు మీద గాలి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఎర్రనీళ్ళు ఏ గీత మీద ఉన్నాయో చెప్పడం ఒక ఆటగా మొదలైంది. డాక్టరుగారు నిమ్మతొనల బిళ్ళలు పందెం కాసేవాడు. ఆర్నెల్లలో ఆయన డబ్బా ఖాళీ అయింది.

ఆ రోజుల్లో మిషను ఒక ప్రయాణాల పెట్టెంత ఉండేది. శబ్దం పిండిమరకు చెల్లెలు. రొట్టెల బట్టీ ఆయన దాన్ని రైల్లో తీసుకెళితే తోటి ప్రయాణికులు అందులో ఏముందని అడిగారట. "నా ఊపిరి" అన్నాడట. వాళ్ళు ఇంకో పెట్టెలోకి మారిపోయారట. ఆయన భార్య వారం రోజులకే ఫిర్యాదుతో వచ్చింది.

"గురక పోయింది. బానే ఉంది. ఇప్పుడు నాకు నిద్ర పోయింది. ఉన్నాడో లేడో అని లేచి లేచి చూస్తున్నాను."

"మిషను శబ్దం ఉంది కదమ్మా."

"మిషను ఎవరికైనా శబ్దం చేస్తుంది. గురక ఆయనది."

అప్పట్లో పేషెంట్లు తమ రాత్రుల గురించి చెప్పేవాళ్ళు. కల వచ్చిందని, పదేళ్ళ తర్వాత కల వచ్చిందని చెప్పుకుని సిగ్గుపడేవాళ్ళు. ఆమె వినేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెనకగదిలో మంచం మీద పడుకోబెట్టి, పక్కన కుర్చీ వేసుకుని ఛాతీ చూస్తూ కూచునేది. మర కొంచెం తిప్పేది. మళ్ళీ చూసేది. ఒక మనిషికి ఒక మధ్యాహ్నం.

ఆమె అంత శ్రద్ధగా చూడటానికి ఒక కారణం ఉంది. దాన్ని డాక్టరుగారికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆమె తండ్రి గిడ్డంగి దగ్గర కాపలావాడు. ఇల్లంతా ఒకటే గది. అందరూ వరసగా పడుకునేవాళ్ళు. తండ్రి గురక ఆ ఇంటికి గడియారం. గురక ఆగేది. ఆగినప్పుడు ఆమె లోలోపల లెక్కపెట్టేది. పది, పదిహేను, ఇరవై. తల్లి నిద్రలోనే చెయ్యి చాపి ఆయన భుజం తట్టేది. పెద్ద శబ్దంతో ఊపిరి తిరిగి వచ్చేది. అది అన్ని ఇళ్ళలోనూ జరుగుతుందనుకునేది ఆమె. పగలు ఆయన గిడ్డంగి ముందు స్టూలు మీద కూచుని నిద్రపోయేవాడు. ఒక ఉద్యోగం పోయింది. ఇంకొకటి పోయింది. మూడోచోట యజమాని ఆయన నిద్రపోతుంటే చొక్కా జేబులో రాయి పెట్టి, లేచాక పదిమందిలో జేబు చూసుకోమన్నాడు. వీధిలో ఆయన పేరు నిద్రమొహం. ఆయన కూడా నిజంగానే తను సోమరి అనుకున్నాడు. అలా అనుకుంటూనే పోయాడు.

గాజుగొట్టం ముందు నిలబడి, డాక్టరుగారు ఎవరికో ఈ జబ్బు వివరిస్తుంటే విన్నరోజున ఆమెకు తండ్రి జబ్బేమిటో తెలిసింది. తండ్రి పోయి అప్పటికి పదకొండేళ్ళు. ఇంటికి వెళ్ళి తల్లితో చెప్పింది.

"సోమరి కాదన్నమాట" అంది తల్లి. "నేను కూడా అన్నానే ఆ మాట."

డాక్టరుగారు వెళ్ళిపోయాక ఆసుపత్రిని ఒక కంపెనీ తీసుకుని మిషన్ల షాపు చేసింది. మిషన్లు చిన్నవయ్యాయి, ఇటుకంత. మర పోయింది. ఇప్పుడు మిషనే నిద్రలో ఊపిరిని గమనించి, దారి మూసుకుంటుంటే గాలి పెంచి, తెరుచుకోగానే తగ్గిస్తుంది. కింద ఒక అంకె, పైన ఒక అంకె ఇస్తే ఆ రెంటి మధ్య అదే తిరుగుతుంది. ఆ రెండు అంకెలు కూడా కంపెనీ పెద్ద ఆఫీసునుంచి గాలిలోనే వచ్చి కూచుంటాయి. అందరికీ ఒకటే: కింద నాలుగు, పైన ఇరవై. గాలక్కకు మిగిలింది మొహాల కొలతలు, మాస్కులు, నెలాఖరు రిపోర్టు మీద సంతకం.

ఆమె గొణగలేదు. మిషను మంచిదే, చాలామందిని బతికిస్తోంది. కాకపోతే వెనకగదిలో మంచం తీసేసి అట్టపెట్టెలు పెట్టారు. అట్టపెట్టెలకు ఊపిరి ఉండదు. అదొక్కటే ఆమెకు బాధ.

బస్సు డ్రైవరు వచ్చింది వర్షాలు మొదలయ్యే ముందు. నలభై తొమ్మిదేళ్ళు, మెడ చుట్టుకొలత నలభై ఐదు సెంటీమీటర్లు. టేపు తిప్పి తనే రాసుకుంది. సిగ్నలు దగ్గర బస్సు ఆపి అలాగే నిద్రపోయాడు. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు, లేవలేదు. కండక్టరు వచ్చి భుజం కుదిపితే లేచాడు. డిపోలో స్టీరింగు మీదనుంచి తీసేసి షెడ్డులో బస్సులు కడిగే పని ఇచ్చారు. పరీక్ష చేస్తే గంటకు యాభై రెండుసార్లు ఊపిరి ఆగుతోంది. ముప్పై రాత్రులు, రాత్రికి కనీసం నాలుగు గంటలు మిషను వాడినట్టు రిపోర్టు తెస్తే మళ్ళీ రూటు ఇస్తామన్నారు.

ముప్పై ఒకటో రోజు అతను గడ్డం నున్నగా గీసుకుని వచ్చాడు. మిషనులోంచి తీసిన చిన్న కార్డు జేబులో, రుమాల్లో చుట్టి. అది గురువారం. షాపులో నలుగురు వెయిటింగు. ఒకాయన మాస్కు కీచుమంటోందని అందరికీ ఊదిపెట్టి వినిపిస్తున్నాడు. గాలక్క కార్డు కంప్యూటర్లో పెట్టి మొదటి పేజీ చూసింది. సగటు ఆరుగంటల నలభై నిమిషాలు. గంటకు ఆగిన ఊపిర్లు ఒకటి కూడా లేవు. కింద ఆకుపచ్చ గుర్తు.

"శభాష్ తమ్ముడూ" అంది. సంతకం పెట్టి ముద్ర వేసింది.

అతను కాగితం నాలుగు మడతలు పెట్టాడు. "నీ మేలు మరిచిపోనక్కా. మంగళవారం నుంచి మొదటి బస్సు నాదే" అన్నాడు.

సోమవారం షాపు ఖాళీగా ఉంటుంది. ఆ రోజు ఆమె కార్డులు చదువుతుంది. కంపెనీ చదవమనలేదు. మొదటి పేజీ కింద, లోపల్లోపల, మిషను ప్రతి ఊపిరినీ ఒక గీతగా రాసిపెడుతుంది. రాత్రంతా గుట్టలు గుట్టలుగా సాగే గీత. ఆమెకు అది చదవడం అంటే, పాత రోజుల్లో మంచం పక్కన కుర్చీలో కూచోవడం లాంటిదే. చేతిలో గ్లాసు పెట్టుకుని తీరిగ్గా చూస్తుంది.

డ్రైవరు గీత తెరిచింది. మూడో రాత్రి దగ్గర గ్లాసు కింద పెట్టేసింది.

పరీక్ష రోజున అతని గీత ఆమె చూసింది. బండరాళ్ళు, మధ్యలో లోయలు. ఇక్కడ చిన్నచిన్న మెత్తని గుట్టలు, ఒకే ఎత్తులో, పిల్లకాలువ అలల్లా. మిషను గాలి ఒక్క రాత్రి కూడా ఐదు దాటలేదు. నలభై ఐదు సెంటీమీటర్ల మెడకు ఐదు సరిపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఇంకా ఒకటుంది. ప్రతి రాత్రీ గీత మూడుచోట్ల తెగుతోంది. ఒంటిగంటకు ఇరవై నిమిషాలు. మూడున్నరకు ఇరవై. ఐదున్నరకు మళ్ళీ. ప్రతి రాత్రీ.

ఆ ఖాళీలు ఆమెకు తెలుసు. తెర మీద కాదు. తనకు ఇరవై మూడేళ్ళప్పుడు, కుట్టుమిషను పక్కన గుడ్డ ఉయ్యాల కట్టి, రెండు, రెండున్నర గంటలు కుట్టు, ఇరవై నిమిషాలు పాలు. మళ్ళీ కుట్టు. ఏడాదిపాటు ఆమె కాలం అలాగే ముక్కలైంది.

ఎవరో బిడ్డతల్లి పెట్టుకుంది ఈ మాస్కు.

మొదట నవ్వొచ్చింది. తర్వాత గోడమీద క్యాలెండరు చూసింది. రేపే మంగళవారం. సంతకం తనది.

ఫోను చేసింది.

"తమ్ముడూ, నిద్ర ఎలా పడుతోంది?"

"బ్రహ్మాండంగా అక్కా. పడుకోవడం తెలుసు, తెల్లారడం తెలుసు."

"మధ్యలో లేవట్లేదా?"

"అబ్బే. ఒక్కసారి కూడా."

"మరి మిషను మూడుసార్లు లేస్తోందే."

అటువైపు వెనకెక్కడో పసిబిడ్డ ఏడుపు మొదలైంది, ఎవరో ఊరుకోబెట్టారు.

"అక్కా, తర్వాత చేస్తా" అన్నాడు.

ఆమె షాపుకు తాళం వేసి, టేపు సంచిలో పడేసుకుని బయల్దేరింది.

రెండో అంతస్తు. మెట్ల మలుపులో చక్రం లేని సైకిలు. ముందుగదిలో తాడు మీద చిన్నచిన్న బట్టలు ఆరేసి ఉన్నాయి. కిటికీ ఊచలకు ఇస్త్రీ చేసిన యూనిఫాం వేలాడుతోంది, మడత నలక్కుండా. తలుపు తీసింది కూతురు. పాతికేళ్ళుంటాయి. భుజాన బిడ్డ. భర్తకు వేరే ఊళ్ళో పని, వారానికోసారి వస్తాడట. తల్లి లేదు, తండ్రికి వండిపెడుతూ ఇక్కడే ఉంటోంది.

గాలక్క ఆ పిల్ల మొహం చూసింది. బుగ్గమీదనుంచి చెవిదాకా సన్నని ఎర్రగీత. రెండు బుగ్గలకూ. లోపల ఆ పిల్ల మంచం పక్కన స్టూలు మీద మిషను. మాస్కు పట్టీ వెనకవైపు నాలుగు వేళ్ళమేర లోపలికి మడిచి పిన్నీసు గుచ్చి ఉంది.

"పట్టీ చిన్నది చేయాలంటే పిన్నీసు పెట్టకూడదమ్మా. తలకు గుచ్చుకుంటుంది. నా దగ్గరికి తెస్తే కుట్టిపెడతాను కదా."

పిల్ల తల దించుకుంది. కుర్చీలో ఉన్న డ్రైవరు లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూచున్నాడు.

"నాన్నను ఏమీ అనకండి. నేనే అన్నాను. ఎలాగూ వీడితో నేను సగం రాత్రి మేలుకునే ఉంటాను, ఆ మిగతా సగం పెట్టుకుంటే ఏంపోయిందని" అంది. ఆగి, "మిమ్మల్ని ఏమని పిలవాలో తెలీట్లేదు. నాన్న అక్కా అంటాడు."

"అయితే అత్తా అను. తిట్టించుకోవడానికి వరస సరిపోతుంది."

"మీటరు తిరిగితే చాలనుకున్నాం అక్కా" అన్నాడు డ్రైవరు. "గంటలే లెక్కపెడుతుందనుకున్నాం. ఊపిరి కూడా రాసుకుంటుందని ఎవడికి తెలుసు? అంత చాడీలకోరు మిషనా అది?"

"మొదటి రాత్రి ఏమైంది?"

"ఏమవుతుంది. నోట్లో గుడ్డలు కుక్కినట్టయింది. గాలి ఇస్తోందా లాక్కుంటోందా అర్థం కాలేదు. ఇరవై నిమిషాలకు పీకి పారేశా. మళ్ళీ పెట్టుకుంటే పది. ఆఖరికి కుర్చీలో కూచుని నిద్రపోయా. మగాణ్ణి, ఇంత ఒళ్ళేసుకుని, మాస్కుకు భయపడ్డానని ఎవరికి చెప్పుకోను?"

గాలక్క మిషను ఆన్ చేసి గొట్టం కొస మణికట్టుకు ఆనించింది. కళ్ళు మూసుకుంది.

"నాలుగు" అంది. "అంతేగా ఇచ్చింది వాళ్ళు. నీలాంటివాడికి నాలుగు అంటే స్ట్రాతో ఊపిరి పీల్చుకోమన్నట్టు. భయం కాదు తమ్ముడూ అది. నిజంగానే గాలి చాల్లేదు."

అతను ఆమెవైపు చూశాడు. నెలరోజులుగా ఎవరైనా ఆ మాట అంటారని ఎదురుచూసినవాడి చూపు అది. కానీ వెంటనే కిటికీలో యూనిఫాంవైపు మళ్ళింది.

"ఇప్పుడెందుకక్కా అవన్నీ. రేపు బండెక్కాలి. ఎక్కాక నెమ్మదిగా అలవాటు చేసుకుంటా. నీ మీద ఒట్టు."

"రేపు ఎంతమంది ఎక్కుతారు నీ బస్సు?"

"మొదటి ట్రిప్పు కదా. యాభై, అరవై. స్కూలు పిల్లలే సగం."

"సిగ్నలు దగ్గర ఎంతసేపు పడుకున్నావు?"

జవాబు కూతురు చెప్పింది. "నాలుగు నిమిషాలంట. కండక్టరు చెప్పాడు."

"నువ్వూరుకో."

"ఊరుకుని ఊరుకునే ఇక్కడిదాకా వచ్చింది నాన్నా."

డ్రైవరు గాలక్కవైపు తిరిగాడు.

"ఇరవై ఏడేళ్ళు నడిపాను. ఒక్క గీత పడనివ్వలేదు. రూటు ఒక్కసారి వేరేవాడి పేరు మీదికి పోతే మళ్ళీ రాదక్కా. షెడ్డులో గొట్టం పట్టుకుని ఆ బస్సే కడుగుతున్నా నేను. నా సీటు వేరేవాడు వెనక్కి జరుపుకున్నాడు. చూస్తూ కడుగుతున్నా. వాళ్ళు నన్నేమంటున్నారో తెలుసా? నిద్రమొహం అంటున్నారు."

గాలక్క చేతిలో గొట్టం కిందికి దిగింది.

తర్వాత మిషను మీద రెండు బొత్తాలు కలిపి నొక్కి పట్టుకుంది. ఒకటి, రెండు, మూడు. తెర మీద పేషెంట్లకు కనిపించని పేజీ తెరుచుకుంది. పెద్ద ఆఫీసు అనుమతి లేకుండా దాన్ని తెరవకూడదు. కింది అంకె నాలుగు నుంచి తొమ్మిదికి మార్చింది. పై అంకె పదిహేనుకు దించింది. గాలి నెమ్మదిగా పెరిగే వీలు ఒకటుంటుంది, మొదటి ముప్పావుగంట తక్కువ గాలితో ఊరించేది. దాన్ని తీసేసింది. పట్టీలోంచి పిన్నీసు లాగి, మడత విప్పి, అతని తలకు పెట్టి చెవి మీద ఒక వేలు పట్టేంత వదిలింది.

"పడుకో."

"ఇప్పుడా? మధ్యాహ్నం పన్నెండుకా?"

"నేను మొదటినుంచీ మధ్యాహ్నాలే పనిచేశాను. ఒక్క అరగంట. ఊపిరాడకపోతే నువ్వే పీకెయ్యి, నీ యూనిఫాం నీది, నేను నోరెత్తను."

ఆ చివరిమాట నిజం కాదని ఆమెకు తెలుసు. అతనికీ తెలిసే ఉంటుంది. అయినా పడుకున్నాడు. కూతురు కిటికీ తెర దించింది. గాలక్క కుర్చీ లాక్కుని మంచం పక్కన కూచుంది. పదేళ్ళయింది ఆమె అలా కూచుని.

మాస్కు కింద అతని కళ్ళు రెండుసార్లు ఆమెను వెతికాయి. "బానే ఉంది" అన్నాడు, ముక్కులోంచి. "వస్తోంది." మూడోసారి కళ్ళు తెరవలేదు.

ఛాతీ లేచింది, దిగింది. గురక మొదలవబోయి, మిషను ఒక్క మెట్టు పైకెక్కింది. గురక వెనక్కి తగ్గింది. గాలక్క పెదవులు వాటంతటవే కదులుతున్నాయి. ఎప్పుడు ఆగినా లెక్కపెట్టడానికి సిద్ధంగా. రెండుసార్లు తప్ప లెక్కపెట్టాల్సిన అవసరం రాలేదు. ఆమెకు ఒకటే గది ఉన్న ఇల్లు గుర్తొచ్చింది, గోడవైపు తిరిగి పడుకున్న వెడల్పాటి వీపు, చీకట్లో అటువైపు చాచిన తల్లి చెయ్యి. ఆ చేతికి ఒక్క రాత్రి కూడా సెలవు దొరకలేదు. ఒక ఇటుకంత మిషను. తొమ్మిది సెంటీమీటర్ల నీళ్ళు. ఆ రోజుల్లో ఎవరి దగ్గరా లేదు.

"అత్తా, ఏడుస్తున్నారా?" అని గుసగుసగా అడిగింది పిల్ల.

"కాదు. మాస్కు పక్కనుంచి గాలి వస్తోందేమో కళ్ళలోకి."

పిల్ల మాస్కువైపు చూసింది. ఎక్కడా సందు లేదు. పప్పన్నం కలిపి తెచ్చి చేతిలో పెట్టింది.

అరగంట మూడు గంటలైంది. మూడు గంటల పది నిమిషాలకు అతను తనంతట తను లేచాడు. మాస్కు తీసి, మంచం మీద కూచుని చేతులు చూసుకున్నాడు, ఎవరివో అన్నట్టు. కూతురు అలవాటుగా టీ తెచ్చింది.

"వద్దమ్మా. తాగాలనిపించట్లేదు" అన్నాడు. ఆ మాటకు తనే ఆశ్చర్యపోయాడు. "నిద్ర లేచి టీ వద్దనుకుని ఎన్నేళ్ళయిందో."

గాలక్క ఆ మూడు గంటల పది నిమిషాల లెక్క తన పుస్తకంలో రాసుకుంది. సగటు గాలి పదకొండు. ఆగిన ఊపిర్లు రెండు.

"ఇది నీది" అంది. "ఆ ముప్పై రాత్రులూ నీవి కావు. ఈరోజునుంచి లెక్క."

"డిపోలో బోర్డు మీద నా పేరు రాసేశారక్కా."

"నా సంతకం చూసి రాశారు. దాన్ని నేనే తీసేస్తాను."

"మరి నీ ఉద్యోగం?"

"అడుగుతారు. చదవకుండా పెట్టానని చెబుతాను. చదవకుండానే పెట్టాను కదా."

అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అడ్డం వస్తాడేమో అనుకుంది పిల్ల. యూనిఫాం ఊచనుంచి తీసి, చేతుల మీద పరిచి, చొక్కా మడత పెట్టాడు. ప్యాంటు మడత పెట్టాడు. బిడ్డ బట్టల పక్కన అరలో పెట్టి తలుపు మూశాడు.

"నేనూ వస్తాను రేపు" అన్నాడు.

"నువ్వు రాకు. రాత్రి పదింటికి పెట్టుకుని పొద్దున ఆరింటిదాకా తియ్యకు. నువ్వు చేయాల్సిన పని అదొక్కటే."

మర్నాడు ఐదున్నరకే గాలక్క డిపోకు వెళ్ళింది. షెడ్డులో దీపాలు ఇంకా వెలుగుతున్నాయి. నేలంతా తడి. బోర్డు మీద మొదటి వరసలో అతని టోకెను నంబరు సుద్దముక్కతో రాసి ఉంది. కిటికీ వెనక గుమాస్తా, చెవులకు మఫ్లరు.

"ఈ డ్రైవరు రిపోర్టు కావాలి. సంతకం నాది. తప్పు పెట్టాను."

గుమాస్తా ఆమెను పైనుంచి కిందికి చూశాడు. ఫైలు తీశాడు. "ఇప్పుడు చెబితే ఎలాగమ్మా. బండి అరగంటలో కదలాలి. డ్రైవరేడీ?"

"ఇంట్లో నిద్రపోతున్నాడు."

"అదేగా అతని జబ్బు."

"ఇప్పటిదాకా నిద్ర లేకపోవడమే జబ్బు. ఇంకొకరిని పంపించండి. ముప్పై రోజుల తర్వాత మళ్ళీ వస్తాను, చదివి సంతకం పెడతాను. రూటు అట్టే పెట్టమని పెద్దసారుకు అర్జీ కూడా రాసి తెచ్చాను, ఇదిగో."

అతను అర్జీ చదవలేదు, ఫైల్లో పెట్టాడు. "అట్టే పెడతారని చెప్పలేను" అన్నాడు. లేచి వెళ్ళి బోర్డు మీద నంబరు తుడిచి వేరే నంబరు వేశాడు. తిరిగొచ్చి కాగితం ఆమె ముందుకు తోశాడు. ఆమె తన సంతకం మీద అడ్డంగా గీత గీసింది. పక్కన ఇలా రాసింది: కార్డులో ఉన్న శ్వాస ఈయనది కాదు. పూర్తిగా చదవకుండా సంతకం చేశాను. లెక్క నిన్నటి నుంచి.

గుమాస్తా వంగి చదివాడు.

"ఈయనది కాకపోతే మరెవరిది?"

"అది రాయమని మీ కాగితంలో గడి లేదు."

అతను మఫ్లరు సర్దుకున్నాడు. ఆవరణలో మొదటి బస్సు ఇంజను మొదలైంది. ఫైల్లోంచి ఇంకో కాగితం తీసి కిటికీలోంచి ఇచ్చాడు.

"ఇది ఆఫీసు కాపీ. దీని మీద కూడా రాయాలి."

గాలక్క కళ్ళజోడు సరిచేసుకుని, దాని మీద కూడా అదే రాసింది.